కోటలో మా బండి చూపించిన సున్నా

పక్క సీటు

నెల్లూరులో బండి ఎక్కేసరికి నా పక్క సీట్లో అస్థిపంజరం కూర్చుని ఉంది. ప్లాస్టిక్కుదే. పెట్టెలో పట్టలేదట. డ్రైవరు మస్తానయ్య దానికి బెల్టు కూడా పెట్టాడు.

"బ్రేకేస్తే ముందుకు పడి పండ్లు ఊడతాయి మేడం. ఆఫీసోళ్ళు నన్నే అడుగుతారు," అన్నాడు.

నా సీటుకు బెల్టు లేదు. నా పండ్లకు ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు కాబోలు.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ పాత మినీ బస్సును ప్రయోగశాలగా మార్చి, ల్యాబులు లేని పల్లె బడులకు పంపుతోంది. నెల్లూరు తీరం వెంబడి నాలుగు రోజులు తిరగడానికి కెమిస్ట్రీ వాళ్ళు ఒకరు కావాలని మా కాలేజీకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివిన స్టాఫ్ మీటింగుకు నేను జ్వరం వచ్చి వెళ్ళలేదు. అందుకని నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

బండిలో మూడో మనిషి శేషగిరి గారు, ఆ సంస్థ కోఆర్డినేటరు. యాభై దాటిన మనిషి. నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఎప్పుడూ ఫోను. ఎవరినీ నొప్పించి మాట్లాడరు. బండి వెనక తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఏమిటని అడిగాను.

"ముఖ్య అతిథి గారికి నాలుగో రోజే వీలైంది మేడం. ప్రారంభోత్సవం ఆ రోజే. అప్పటిదాకా రిబ్బను తెగకూడదు."

"మరి ఈ మూడు రోజులూ పిల్లలు లోపలికి ఎలా వస్తారు?"

"వంగి వస్తారు. పిల్లలే కదా!"

బిట్రగుంట

ముందుగా ఉత్తరానికి వెళ్ళాం. బిట్రగుంట రైల్వే వాళ్ళు కట్టుకున్న ఊరు. పాత క్వార్టర్లు, వెడల్పాటి వీధులు, రైలు వస్తే తప్ప చప్పుడు లేదు. స్టేషను దగ్గర టిఫిను కొట్లో కారం దోసె తిన్నాను. గుంటూరు మనిషిని, కారం గురించి నాకెవరు చెబుతారన్న ధీమాతో రెండో చెంచా ఎర్రకారం అడిగి వేయించుకున్నాను. కొట్టాయన నా కళ్ళలో నీళ్ళు చూసి, ఏమీ అనకుండా మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు. మజ్జిగకు డబ్బులు తీసుకోలేదు. మా ఊళ్ళో అయితే ముందు నవ్వి, తర్వాత మజ్జిగ ఇచ్చి, బిల్లులో కలుపుతారు.

మేం వెళ్ళిన బడిలో తీరా చూస్తే ప్రయోగశాల ఉంది! గుమ్మం మీద పెయింటుతో పేరు కూడా ఉంది. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి హెడ్మిస్ట్రెస్ సుగుణ గారి బీరువాలో, బీరువా తాళంచెవి ఆమె కొంగున.

"మా ల్యాబులో వచ్చినప్పట్నుంచి ఒక్క గాజుసామాను పగల్లేదు మేడం," అని ఆమె గర్వంగా తలుపు తీసింది. పగలదు మరి. పరీక్షనాళికలు వచ్చిన గడ్డిలోనే పడుకుని ఉన్నాయి. సూక్ష్మదర్శిని మీద కప్పిన న్యూస్‌పేపరు పసుపు రంగుకు తిరిగింది.

"పిల్లలకు ఇవ్వరా?"

"ఇస్తే పగలగొడతారు. పగిలితే స్టాకు రిజిస్టరులో నేను రాయాల. ఎందుకు పగిలిందో కారణం రాయాల. ఆ కాలమ్‌లో ఇప్పటిదాకా ఎవురూ ఏమీ రాసిందిలే."

ల్యాబు ఉన్న బడికి మేం ల్యాబును వేసుకుని రావడం శేషగిరి గారికి వింతగా అనిపించలేదు. బండిని వరండా ముందు పెట్టించారు. పిల్లలు రిబ్బను కింద నుంచి వంగి వచ్చారు. నేను యాసిడ్, బేస్ ప్రయోగం చూపిస్తుంటే సుగుణ గారు కూడా వంగి లోపలికి వచ్చింది. "నేను ఫిజిక్సు చదివినదాన్నే," అంది మెల్లిగా. బ్యూరెట్ చేతికిచ్చాను. కొళాయి తిప్పి ఒక్కొక్క చుక్కే వదులుతుంటే ఆమె ముఖం చూడాలి! రంగు మారగానే "అయ్యో, వచ్చేసింది!" అని పిల్లల కంటే గట్టిగా అరిచింది.

మధ్యాహ్నం ఆమె తన ల్యాబు తాళం తానే తీసి నాలుగు పరీక్షనాళికలు బయటికి తెచ్చింది. అరగంటలోపే తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిలో ఒకటి జారి పగిలింది. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. సుగుణ గారు గాజుముక్కలు తనే తుడిచి, రిజిస్టరు తెప్పించి, చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించింది. తర్వాత కారణం అన్న చోట "పిల్లలు వాడినందువల్ల" అని రాసి సంతకం పెట్టింది. ఎదురుగా ఉన్న నాకు కూడా చూపించింది, బాగుందా అన్నట్టు.

ముత్తుకూరు

రెండో రోజు ముత్తుకూరు. దారంతా పోర్టుకు పోయే లారీలు. వాటి వెనక బండి తోలడం మస్తానయ్యకు నచ్చదు. "ముందున్నోడి దుమ్మంతా మన అద్దానికే మేడం," అని గొణుగుతూనే ఉన్నాడు. పవర్ ప్లాంటు పొగగొట్టాలు ఏ వీధి చివర నిలబడినా కనిపిస్తాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు మబ్బు చూసి ఆరేసిన బట్టలు తీస్తారు. ఇక్కడ గాలి ఎటు వీస్తోందో చూసి తీస్తారట.

శేషగిరి గారి ప్రణాళిక ప్రకారం ఆ రోజు ఉల్లిపొర. సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర కణాలు చూపించడం, ఫొటో తీయడం. చూసిన పిల్లలంతా "బాగుండాది మేడం" అన్నారు, ఉల్లిపాయ క్షేమం అడిగి వచ్చినట్టు. లలిత అనే అమ్మాయి మాత్రం కదల్లేదు.

"ఇంకేదైనా పెట్టొచ్చా మేడం?"

"ఏం పెడతావు?"

ఆ అమ్మాయి పరుగున వెళ్ళి, కిటికీ కమ్మీ మీద టేపు ముక్క అంటించి తీసుకొచ్చింది. దాన్ని గాజు పలక మీద అంటించి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. నల్లటి గరుకు ముక్కలు. వాటి మధ్య గుండ్రంగా, నున్నగా, గాజుపూసల్లాంటివి. ఎవరో కూర్చుని చుట్టినట్టున్నాయి.

"ఈ పూసలేంది మేడం?"

"బొగ్గు బాగా వేడిమీద కాలినప్పుడు అందులోని మట్టి కరుగుతుంది. గాల్లో చల్లారేటప్పుడు ఇలా గుండ్రంగా అవుతుంది. నల్లవి కాలని బొగ్గు ముక్కలు కావచ్చు."

తర్వాత వరుస మొత్తం మారిపోయింది. ప్రతివాళ్ళూ టేపు ముక్కతో వచ్చారు. సైకిలు సీటు మీదిది, నీళ్ళ ట్యాంకు మూతది, హెడ్మాస్టరు గారి కుర్చీ చేతిది. ఏ ముక్క ఎక్కడిదో పిల్లలు కాగితం మీద గుర్తుపెట్టుకున్నారు. అలా రాయమని నేను చెప్పలేదు.

హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "మేడం, ఉల్లిపాయ సిలబస్‌లో ఉండాది. ఈ పూసలు లేవు. విజిటర్స్ బుక్కులో రాసేటప్పుడు..." అని ఆగారు.

"ఉల్లిపాయ అనే రాస్తాను," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. అలాగే రాశాను. ధైర్యవంతురాలినని చెప్పుకోవడానికి ఈ వ్యాసం మొదలుపెట్టలేదు.

కోట

మూడో రోజు దక్షిణంగా కోట. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళే. మా వైపు పొలమంటే మిరప, పత్తి. ఇక్కడ వరిమడి పక్కనే రొయ్యల గుంట, ఆ పక్కన ఇంకో గుంట, వాటిలో తెల్లగా నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. భోజనానికి మెస్సులో కూర్చుని రొయ్యల కూర ఉందా అని ఆశగా అడిగాను.

"రొయ్యలన్నీ పైదేశాలకు పోతాయి మేడం. క్యాబేజీ ఉండాది," అంది వడ్డించే ఆమె.

సాయంత్రం బడి ఆవరణలో పిల్లల వరుస చివర ఒక ఆడమనిషి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. కుచ్చిళ్ళు పైకి దోపుకుంది, కాళ్ళకు పిక్కల దాకా బురద. ఒక చేతిలో నీళ్ళ సీసా, రెండో చేతిలో చిన్న సంచి.

శేషగిరి గారు ఎదురెళ్ళారు. "ఇది బడి పిల్లలకమ్మా. ఎనిమిది నుంచి పది దాకా."

"నేనూ పది చదివినాను సార్. సైన్సులో తప్పినాను. మళ్ళా చేరినాననుకోండి," అంది ఆమె.

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. రిబ్బను ఒక చేత్తో పైకెత్తి, కొంచెం కూడా వంగకుండా లోపలికొచ్చింది.

పేరు విజయమ్మ. పెంచలయ్య అనే ఆయన రొయ్యల గుంటల్లో పని చేస్తుంది. మేత చల్లడం, గుంట నీళ్ళు రోజూ పరీక్ష చేసి పుస్తకంలో రాయడం ఆమె పని. రెండు రోజులుగా నీళ్ళలో అమ్మోనియా పెరుగుతోందని ఆమె కిట్టు చెబుతోంది. తిన్న మేత కంటే మిగిలిన మేత ఎక్కువై అడుగున కుళ్ళితే అలా అవుతుంది. మేత ఆపి నీళ్ళు మార్చాలని ఆమె అంటే, యజమాని వినడం లేదు. రొయ్యల మందుల షాపువాళ్ళు అంతా బాగుందని కాగితం ఇచ్చారట.

"వాళ్ళు నీళ్ళు పట్టుకపోయి ఐదు రోజులాయ మేడం. ఈ పంట గూడా పోతే గుంట ఎండగడతానంటా ఉండాడు ఆయన. అప్పుడు నా పని పోయినట్టే. మీ బండి మీద ప్రయోగశాల అని రాసుండారు కదా, ఒక్కసారి చూసి చెప్పండి."

అంతలో మోటారు సైకిలు మీద పెంచలయ్య గారే వచ్చారు. తెల్ల లుంగీ, చేతికి బరువైన గడియారం. కోపిష్టి కాదు గానీ విసిగిపోయి ఉన్నారు.

"ఏంది విజయా, ఈడ గూడా నీ పంచాయితీయేనా? సరే మేడం, మీరే చెప్పండి. మీరు ఉండాదంటే మేత ఆపేస్తా. లేదన్నారంటే ఈమె ఇంక నోరెత్తకూడదు."

"సరే," అంది విజయమ్మ.

మా బండిలో నీటి పరీక్షల కిట్టు ఉంది. మేం ఇంకా తెరవలేదు. సీల్ తీశాను. గాజునాళికలో గుంట నీళ్ళు పోసి, రెండు మందులూ లెక్క ప్రకారం చుక్కలు వేశాను. అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ రావాలి, లేకపోతే పసుపు. పిల్లలంతా నాళిక చుట్టూ మూగారు. చెప్పినన్ని నిమిషాలు ఆగాం. పసుపు. రంగుల పట్టీ పక్కన పెట్టి చూశాను. కొంచెం కూడా పచ్చదనం లేదు.

"సున్నా," అన్నాను, క్లాసులో చెప్పినట్టు గట్టిగా.

"చూసినావా!" అన్నారు పెంచలయ్య గారు. శేషగిరి గారు ముగ్గురినీ నిలబెట్టి ఫొటో తీశారు. పెంచలయ్య గారు అప్పటికే ఫోను తీసి గుంట దగ్గరున్న మనిషితో, "ఒరేయ్, పొద్దున విజయ ఆపిన మేత గూడా కలిపి వేసేయండి," అంటున్నారు.

విజయమ్మ నాళిక వంకే చూస్తోంది. "మేడం, మీ కిట్టు పనిచేస్తా ఉండాదా?"

"సీల్ ఇప్పుడే తీశాం కదమ్మా."

"సీల్ సంగతి కాదు మేడం. అమ్మోనియా ఉండాదని మనకు ముందే తెలిసిన నీళ్ళకు ఒకసారి వేసి చూడండి. దాంట్లో గూడా పసుపే వస్తే, గుంట బాగున్నట్టు కాదు, మీ కిట్టు చచ్చినట్టు."

ఇరవై ఆరేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ ఇదే పాఠం బోర్డు మీద రాస్తున్నాను: పరికరాన్ని ముందు పరీక్షించు, తర్వాతే దాని మాట నమ్ము. మా పిల్లలు ఆ వాక్యాన్ని తప్పు లేకుండా రాసి, ప్రయోగం మాత్రం సీనియర్ల రికార్డు చూసి అదే రీడింగు వేస్తారు. నేను అదే రీడింగుకు మార్కులు వేస్తాను. ఇప్పుడు బురద కాళ్ళతో నిలబడిన మనిషి అడిగితే గానీ అది నాకు గుర్తు రాలేదు.

బండిలో ఘాటైన అమ్మోనియా ద్రావణం సీసా ఉంది. మంచినీళ్ళలో ఒక్క చుక్క కలిపితే వాసనకే ముందు వరుస పిల్లలు ముక్కులు మూసుకున్నారు. దాన్ని ఇంకా పలచన చేసి, మా మందు వేశాను. ఆగాం.

పసుపు.

"ముక్కుకు తెలిసింది గూడా దానికి తెలీలా," అన్నాడు బండి తలుపు దగ్గర నిలబడిన మస్తానయ్య.

మందు సీసా తిప్పి చూశాను. తేదీ ఉండాల్సిన చోట సంస్థ పేరు, గుర్తుతో మెరిసే స్టిక్కరు అంటించి ఉంది. బండిలో ప్రతి వస్తువుకూ అలాంటిది ఉంది, అస్థిపంజరం నుదుటికి కూడా. గోటితో గీకి తీశాను. కింద తేదీ కనిపించింది. మందు గడువు దాటి చాలాకాలమైంది. స్టిక్కర్లు అంటించింది శేషగిరి గారే. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. మూడు రోజుల్లో అది జేబులోకి వెళ్ళడం నేను మొదటిసారి చూశాను.

విజయమ్మ తన సంచిలోంచి తన కిట్టు తీసింది. మూడు నాళికలు వరుసగా పెట్టింది. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో నేను కలిపిన నీళ్ళు, మూడోదాంట్లో గుంట నీళ్ళు. పిల్లల్లో ఒకమ్మాయిని పిలిచి చుక్కలు లెక్కపెట్టమంది. మొదటిది పసుపుగానే ఉంది. రెండోది చిక్కటి ఆకుపచ్చ అయింది. మూడోది నెమ్మదిగా, అందరం చూస్తుండగానే, ఆకుపచ్చలోకి తిరిగింది.

పెంచలయ్య గారు నాళికను చేతిలోకి తీసుకుని ఎండకు పట్టి చూశారు. షాపు కాగితం చొక్కా జేబులోంచి తీసి, మడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత ఫోను చేశారు.

"ఒరేయ్, మేత వేయబాకండి. వేసినారా? వేయలా కదా! ఏరేటర్లన్నీ తిప్పండి. నేనొస్తా ఉండా, నీళ్ళు మార్చాల."

మోటారు సైకిలు కదిలింది. విజయమ్మ కూడా మూడు నాళికలూ కడిగి బోర్లించి, దాని వెనకే నడుచుకుంటూ వెళ్ళింది.

గట్టు మీద

నాకు మనసు ఆగక నాలుగో రోజు పొద్దున్నే మస్తానయ్యను గుంట దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. శేషగిరి గారు తాను కూడా వస్తానని బండెక్కారు. ఎందుకని నేను అడగలేదు.

ఒక మూల కొన్ని రొయ్యలు చచ్చి తేలి ఉన్నాయి. కానీ విజయమ్మ నీళ్ళలోంచి మేత చూసే జల్లెడ పైకి లాగితే, దాంట్లోవి టపటప ఎగిరాయి. ఆమె ఒకదాన్ని పట్టుకుని వెలుతురుకు పెట్టింది. వీపు పొడవునా పేగు నిండుగా నల్లటి గీతలా కనిపించింది. "తింటా ఉండాయి. ఇంకో పూట ఆలస్యమై ఉంటే ఈ మాట చెప్పలేను," అంది.

కాస్త దూరంలో పెంచలయ్య గారు పక్క గుంటవాళ్ళకు చెబుతున్నారు. "నాకు ముందే అనుమానమొచ్చి మేత ఆపించినా."

"మీకు కోపం రాదా?" అని అడిగాను.

"వస్తాది మేడం. జీతం గురించి మాట్లాడేటప్పుడు బయటికి తీస్తా."

తర్వాత ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఆ మందు వేస్తే పచ్చగా ఎందుకు మారతాది? లోపల ఏం జరగతాది? ఏడేళ్ళుగా చుక్కలు వేస్తా ఉండా. ఎవురూ చెప్పలా."

గట్టు మీద కూర్చుని, అమ్మోనియా మందుతో కలిసి కొత్త రంగు పదార్థంగా ఎలా మారుతుందో పుల్లతో మట్టిలో గీసి చెప్పాను. నాకు ఒకచోట అడ్డం తగిలింది, మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పాను. ఆమె మధ్యలో ఆపి, "అట్టయితే ఎండ ఎక్కువున్న రోజు రంగు త్వరగా రావాల కదా?" అంది. నిజంగానే త్వరగా వస్తుందట, ఆమె పుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకంలో రోజువారీ అంకెల పక్కన వాన, గాలి, రొయ్యల నడక అన్నీ ఉన్నాయి. అలాంటి రికార్డు మా కాలేజీలో ఒక్క విద్యార్థీ నాకు ఇవ్వలేదు.

ఎండెక్కాక శేషగిరి గారు నాకు వినపడకూడదని దూరంగా వెళ్ళి, తమ ఆఫీసుకు ఫోను చేసి కొత్త మందులు పంపమన్నారు. ఆయన గొంతు చిన్నది కాదు, వినపడింది.

పులికాట్ ఒడ్డు

చివరి మజిలీ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ముఖ్య అతిథి గారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, రిబ్బను కత్తిరించి, సైన్సు లేనిదే దేశం లేదని చెప్పి, బండి లోపలికి రాకుండానే వెళ్ళిపోయారు. ఆయన కారు దుమ్ము అణగక ముందే ఊరి ఆడవాళ్ళు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి పీతల పులుసు పెట్టారు. పీత డొప్ప ఎలా విరవాలో తెలియక నేను చీర మీద పులుసు పోసుకుంటే, పక్కనున్న ముసలామె నా చేతిలోంచి లాక్కుని తానే విరిచి, మెత్తటి భాగం తీసి నా ఆకులో పెట్టింది. "చదువుకున్నోళ్ళకు ఇది రాదులే," అంది జాలిగా. నేను ఒప్పుకున్నాను.

గుంటూరు చేరాక

పది రోజులకు సంతకం కోసం యాత్ర నివేదిక వచ్చింది. బిట్రగుంట, ముత్తుకూరు, అన్నీ ఉన్నాయి. కోట దగ్గర, ఫొటో కింద, "నిరక్షరాస్యురాలైన ఒక గ్రామీణ మహిళకు నీటి పరీక్షపై అవగాహన కల్పించడమైనది" అని ఉంది.

ఆ వాక్యం కొట్టేసి, పైన నా చేతిరాతతో, "విజయమ్మ గారు మా కిట్టు పనిచేయడం లేదని నిరూపించి, నీటి పరీక్ష ఎలా చేయాలో మాకు చూపించారు" అని రాసి పంపాను. మర్నాడు శేషగిరి గారి ఫోను వచ్చింది.

"మేడం, మీరు రాసింది నిజమే. నేను కాదనను. కానీ ఆ కాలమ్ లబ్ధిదారులది. కోటలో నీటి పరీక్ష నేర్చుకున్న లబ్ధిదారులు ఎందరో సంఖ్య వేయాలి. మీరు రాసినట్టయితే అక్కడ ఎంత వేయను?"

"ముగ్గురు," అన్నాను. "మీరు, నేను, మస్తానయ్య."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"మస్తానయ్య ఇంటిపేరు మీకేమైనా తెలుసా మేడం?" అని అడిగారు. "పూర్తి పేరుతో రాయాలి."